చిల్లర సెంట్లతో కట్టిన సంస్థలు: డర్హం నల్లవాళ్ళ చరిత్ర మనకు చెప్పేదేమిటి?

మన సభల్లో, హాస్టలు గదుల్లో, సంఘాల ఆఫీసుల్లో ఎప్పుడు నలుగురం కూర్చున్నా ఒక మాట తప్పకుండా వస్తుంది. మనకంటూ ఏముంది? బ్యాంకు లేదు, ఆస్పత్రి లేదు, పత్రిక నెలనెలా రావడమే గగనం. సొంత సంస్థలు లేనంతకాలం మనల్ని ఎవడూ లెక్కచెయ్యడని కొందరంటారు. సంస్థలు పెట్టినవాళ్ళు చివరికి పెద్దమనుషులై కూర్చుంటారు, వాడకు ఒరిగేదేమీ ఉండదని మరికొందరంటారు. 2005లో పూణేలో దళిత పారిశ్రామికవేత్తల ఛాంబర్ 'డిక్కీ' మొదలయ్యాక ఈ వాదన ఇంకా ముదిరింది. రెండు పక్షాలవాళ్ళూ గట్టిగానే మాట్లాడతారు గానీ చూపించడానికి ఉదాహరణలు తక్కువ. అణగారిన జనం చేతుల్లో ఒక సంస్థ నూరేళ్ళు నిలిచిన సందర్భాలు మన దగ్గర అరుదు.

అలా నిలిచిన ఊరు ఒకటుంది. అమెరికా దక్షిణాదిలో, ఉత్తర కరొలైనా రాష్ట్రంలో ఉన్న డర్హం. 2020 జనాభా లెక్కల్లో 2,83,506 మంది. మహానగరమేం కాదు. మన లెక్కన చూస్తే ఇంచుమించు ఒంగోలులాంటి ఊరు, ఒంగోలులాగే పొగాకు మీద పెరిగిన ఊరు. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ళు ఈ ఊళ్ళో బీమా కంపెనీ పెట్టుకున్నారు, బ్యాంకు పెట్టుకున్నారు, ఆస్పత్రి, కాలేజీ, లైబ్రరీ కట్టుకున్నారు. ఆ సంస్థల పెద్దలు కొన్నిసార్లు జాతికి అండగా నిలబడ్డారు, కొన్నిసార్లు అడ్డంగా నిలబడ్డారు. ఈ రెండూ ఎందుకు జరిగాయో అర్థం చేసుకుంటే మన వాదనకు కొంత స్పష్టత వస్తుందని మా నమ్మకం. జాతీ కులమూ ఒకటేనని మేము అనడం లేదు. కానీ వాళ్ళ అనుభవంలో మనకు పనికొచ్చేది ఉందని బాబాసాహెబ్ అంబేద్కరే గుర్తించాడు. 1946లో నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఆయన ఉత్తరం రాశాడు.

పొగాకు ఊరు

ఇవాళ డర్హం జిల్లాగా పిలిచే ప్రాంతంలో స్టాగ్‌విల్ అనే తోటల ఎస్టేటు ఉండేది. బెన్నెహన్, కామెరన్ కుటుంబాల ఆస్తి. 1860 నాటికి ఆ కుటుంబం కింద సుమారు 30,000 ఎకరాలు, 900 మంది బానిసలు. డర్హం ఊరు పుట్టింది ఈ భూముల పక్కనే. బార్ట్‌లెట్ డర్హం అనే డాక్టరు ఇచ్చిన జాగాలో 1850లలో రైల్వే స్టేషను వచ్చింది. 1865 ఏప్రిల్‌లో, అంతర్యుద్ధం చివర్లో, ఆ స్టేషనుకు దగ్గర్లోని ఒక రైతు ఇంట్లో బానిసత్వం పక్షాన పోరాడిన దక్షిణాది సైన్యాల్లో ఒక పెద్ద సైన్యం లొంగిపోయింది. అక్కడ దిగిన సైనికులు స్థానిక పొగాకు రుచి మరిగి, ఇళ్ళకు పోయాక కూడా కావాలని ఉత్తరాలు రాశారని చెబుతారు. 1869లో డర్హం పట్టణమైంది.

పొగాకుతో బాగుపడింది డ్యూక్ కుటుంబం. యుద్ధం నుంచి తిరిగొచ్చిన వాషింగ్టన్ డ్యూక్ పొగాకు నలిపి సంచుల్లో అమ్మడంతో మొదలుపెట్టాడు. ఆయన కొడుకు జేమ్స్ డ్యూక్ 1884లో సిగరెట్లు చుట్టే యంత్రం తెచ్చాడు. 1890లో అమెరికన్ టొబాకో కంపెనీ పెట్టి దేశంలో సిగరెట్ల వ్యాపారం దాదాపు మొత్తం గుప్పిట్లో పెట్టుకున్నాడు. 1911లో అమెరికా సుప్రీం కోర్టు ఆ గుత్తాధిపత్యాన్ని ముక్కలు చెయ్యాల్సి వచ్చింది. డ్యూక్ విశ్వవిద్యాలయం ఈ డబ్బుతో వచ్చిందే.

ఈ డ్యూక్ మనకు మరీ పరాయివాడేం కాదు. 1902లో ఆయన కంపెనీ, ఇంగ్లండు కంపెనీ కలిసి బ్రిటిష్ అమెరికన్ టొబాకో పెట్టాయి. దాని మొదటి ఛైర్మను జేమ్స్ డ్యూకే. ఆ వ్యాపారం మన దేశానికొచ్చి, 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో అయింది. ఇవాళ్టి ఐటీసీ అదే. 1912లో గుంటూరులో పెట్టిన ఐఎల్‌టీడీ కంపెనీ దాని చెయ్యే. మన పల్లెల్లో వర్జీనియా పొగాకు బ్యారన్లు లేచింది ఆ తర్వాతే. గ్రేడింగు షెడ్లలో ఆ దుమ్ములో కూర్చుని ఆకు ఏరిన మన ఆడవాళ్ళకు, డర్హం ఫ్యాక్టరీల్లో ఆకు ఈనె తీసిన నల్ల ఆడవాళ్ళకు యజమాని ఎక్కడో ఒకచోట ఒకడే.

డర్హం ఫ్యాక్టరీల్లో పని కూడా రంగును బట్టే. ఆకు తడపడం, ఏరడం, ఈనె తీయడం, బరువులు మొయ్యడం నల్లవాళ్ళకు. సిగరెట్ యంత్రాల దగ్గర శుభ్రమైన గదుల్లో పని తెల్లవాళ్ళకు. నల్లవాళ్ళ కూలి తక్కువ, దుమ్ము ఎక్కువ. ఊరి దక్షిణం వైపున వాళ్ళు కట్టుకున్న పేట పేరు హేటై. బానిసలు తిరగబడి గెలుచుకున్న హైతీ దేశం పేరు మీదుగానే ఆ పేరు వచ్చిందంటారు. ఆ పేటలో సెయింట్ జోసెఫ్ చర్చి, వైట్ రాక్ బాప్టిస్టు చర్చి వెలిశాయి. వాటి చుట్టూ దుకాణాలు, హోటళ్ళు, నాటకశాలలు పెరిగాయి.

కత్తి పట్టినవాడు, మందిచ్చేవాడు, లెక్కరాసేవాడు

డర్హం నల్లవాళ్ళ సంస్థల చరిత్రలో మొదట చెప్పుకోవాల్సిన పేరు జాన్ మెరిక్. 1859లో బానిసగా పుట్టాడు. తాపీపని చేశాడు, బూట్లకు పాలిష్ పెట్టాడు, చివరికి మంగలి కత్తి పట్టాడు. డర్హంలో మంగలి షాపులు పెట్టి పైకొచ్చాడు. డ్యూకులకు గడ్డం గీసింది ఆయనే. కొన్ని షాపులు తెల్లవాళ్ళకు, కొన్ని నల్లవాళ్ళకు, వేరువేరుగా నడిపాడు. తన షాపులో తన జాతివాడిని తెల్లవాడి పక్క కుర్చీలో కూర్చోబెట్టే స్వేచ్ఛ యజమానికే లేదు. మన ఊళ్ళల్లో మంగలి షాపుల ముందు నిలబెట్టి పంపించిన అనుభవం ఉన్నవాళ్ళకు ఈ సంగతి విప్పి చెప్పక్కర్లేదు.

రెండోవాడు డాక్టర్ ఆరన్ మూర్. 1863లో పుట్టాడు. 1888లో వైద్యం చదివి డర్హం వచ్చాడు. ఆ ఊరికి మొదటి నల్ల డాక్టరు. మూడోవాడు మూర్ మేనల్లుడి వరసవాడు చార్లెస్ స్పాల్డింగ్. కిరాణా దుకాణం నడిపి నష్టపోయిన కుర్రవాడు. ఈ ముగ్గురే ఉత్తర కరొలైనా మ్యూచువల్ బీమా కంపెనీని నిలబెట్టారు.

ఆ కంపెనీ పుట్టింది 1898 అక్టోబరులో. ఆ ఏడాదికున్న అర్థం తెలియాలి. తర్వాతి నెలలోనే, నవంబరు 10న, అదే రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో ఎన్నికైన ప్రభుత్వాన్ని తెల్ల మూకలు తుపాకులతో కూలదోశాయి. నల్లవాళ్ళను చంపాయి, నల్ల పత్రిక ఆఫీసును తగలబెట్టాయి. 1900లో రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి, చదువు పరీక్ష, పన్ను షరతులతో నల్లవాళ్ళ ఓటు లాగేశారు. రాజకీయం తలుపు మూసేసిన రోజుల్లో, మిగిలిన చిన్న కిటికీ వ్యాపారం. డర్హం పెద్దలు ఆ కిటికీలోంచి దూరారు. వాళ్ళు వ్యాపారాన్నే ముక్తిమార్గమని ఎంచుకున్నారనడం పూర్తి నిజం కాదు. మిగతా దారులన్నీ అప్పటికే మూసేశారు.

మరి బీమాయే ఎందుకు? పేదవాడి ఇంట్లో చావొస్తే పూడ్చిపెట్టడానికి డబ్బుండదు. మన వాడల్లో చావుకు చందాలు పోగేసుకున్నట్టే, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళు చర్చిల్లో సాయ సంఘాలు పెట్టుకుని చావు ఖర్చులకు చిల్లర దాచుకునేవాళ్ళు. తెల్ల కంపెనీలు నల్లవాళ్ళకు బీమా చెయ్యడానికి ఇష్టపడేవి కావు. ప్రుడెన్షియల్ కంపెనీ 1881 నుంచి నల్లవాళ్ళకు అదే ప్రీమియానికి మూడో వంతు తక్కువ చెల్లించింది. ఆ కంపెనీ గణాంకాధికారి ఫ్రెడరిక్ హాఫ్‌మన్ 1896లో ఒక పుస్తకమే రాశాడు. నల్లజాతి పుట్టుకతోనే బలహీనమైనదనీ, అంతరించిపోతుందనీ అంకెలతో 'రుజువు' చేశాడు. కూలి తక్కువిచ్చి, మురికిలో ఉంచి, రోగమొస్తే చూడకుండా, తొందరగా చచ్చిపోతున్నారు కాబట్టి జాతే అంత అనడం! మనల్ని గురించి రాసిన పుస్తకాల్లో ఇలాంటి 'శాస్త్రం' మనకూ తెలుసు.

మెరిక్, మూర్, స్పాల్డింగ్ ఆ సంఘాల పద్ధతినే కంపెనీగా మార్చారు. ఏజెంట్లు వారం వారం ఇంటింటికీ తిరిగి సెంట్లు వసూలు చేసేవాళ్ళు. మొదటి చావు క్లెయిము 40 డాలర్లు. ఖజానాలో అంత లేదు. పెద్దలు జేబుల్లోంచి వేసి కట్టారు. డబ్బు ముట్టిందన్న కబురు ఊళ్ళమ్మట పాకింది, పాలసీలు పెరిగాయి. స్పాల్డింగ్ 1923 నుంచి 1952లో చనిపోయేదాకా కంపెనీ అధ్యక్షుడు. పారిష్ వీధిలో 1921లో కంపెనీ ఆరంతస్తుల భవనం కట్టింది. ఆ భవనంలో ప్రతి ఇటుక వెనకా వారానికి కొన్ని సెంట్లు కట్టిన పనిమనిషి, పొగాకు కూలీ ఉన్నారు. ఈ సంగతి మరిచిపోకూడదు, దీని దగ్గరకే మళ్ళీ వస్తాం.

ఆస్పత్రి గోడమీద రాసిన మాట

బీమా వెనకే మిగతావి వచ్చాయి. 1907లో అనుమతి పొందిన మెకానిక్స్ అండ్ ఫార్మర్స్ బ్యాంకు 1908లో తలుపు తెరిచింది. దాని మొదటి అధ్యక్షుడు ఇటుకల వ్యాపారి రిచర్డ్ ఫిట్జెరాల్డ్. 1910లో జేమ్స్ షెపర్డ్ పెట్టిన శిక్షణ పాఠశాల 1923లో రాష్ట్ర ప్రభుత్వం కిందికొచ్చింది. 1925లో నల్లవాళ్ళ కోసం ప్రభుత్వ ఖర్చుతో నడిచే మొదటి లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అయింది. ఇవాళ్టి నార్త్ కరొలైనా సెంట్రల్ యూనివర్సిటీ అదే. 1913లో మూర్ వైట్ రాక్ చర్చి కింది గదిలో పుస్తకాలు పేర్చి లైబ్రరీ మొదలుపెట్టాడు. 1916లో దానికి సొంత కట్టడం వచ్చింది.

ఆస్పత్రి కథ విడిగా చెప్పాలి. 1901లో లింకన్ ఆస్పత్రి తెరిచారు. దానికి డబ్బిచ్చింది డ్యూకులు. యుద్ధకాలంలో యజమానులకు విశ్వాసంగా ఉన్న బానిసల పేరిట ఒక స్మారక స్తంభం కట్టాలని డ్యూకులు అనుకున్నారనీ, రాయికి బదులు ఆస్పత్రి కట్టించండని మెరిక్, మూర్ ఒప్పించారనీ చెబుతారు. తెలివైన పనే. రాయి రోగం నయం చెయ్యదు. అయితే ఆస్పత్రికి పెట్టిన ఫలకం మీద, యుద్ధకాలంలో దక్షిణాది తల్లులకు, బిడ్డలకు నల్ల బానిసలు చూపిన విశ్వాసానికి కృతజ్ఞతగా అన్న భావం చెక్కించారు. నల్ల రోగి ఆ తలుపులోంచి లోపలికి పోయినప్పుడల్లా తన తాతలు మంచి బానిసలని ఆ గోడ చెబుతూనే ఉంటుంది. ప్రాణం నిలబెట్టే మందూ, ఆత్మగౌరవం మీద దెబ్బా ఒకే చేత్తో ఇచ్చారన్నమాట. దాత డబ్బుతో కట్టిన ప్రతి సంస్థలోనూ కనపడకుండా ఇలాంటి ఫలకం ఒకటి ఉంటుంది. కొన్నిచోట్ల దాన్ని చెక్కుతారు, కొన్నిచోట్ల చెక్కరు, అంతే తేడా.

బుకర్ వాషింగ్టన్ 1910లో డర్హం వచ్చి చూసి మెచ్చుకున్నాడు. ఆయనతో అడుగడుగునా విభేదించిన డుబోయిస్ కూడా 1912లో డర్హం గురించి మెచ్చుకుంటూనే రాశాడు. వ్యాపారమా, హక్కులా అని కొట్లాడుకున్న ఇద్దరూ ఒకే ఊరిని మెచ్చుకోవడం విశేషం. 1925లో సమాజశాస్త్రవేత్త ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ డర్హంను నల్ల మధ్యతరగతి రాజధాని అన్నాడు. అదే ఫ్రేజియర్ 1957లో అచ్చయిన పుస్తకంలో నల్ల మధ్యతరగతి తెల్లవాళ్ళను అనుకరిస్తూ ఊహాలోకంలో బతుకుతోందని కడిగిపారేశాడు.

పెద్దరికానికి హద్దులు

ఎంత పెద్దవాడైనా నల్లవాడే. 1931లో రాలీ నగరంలో ఒక సోడా దుకాణంలో స్పాల్డింగ్ నిలబడి పానీయం తాగాడని అక్కడి తెల్ల గుమాస్తా ఆయన్ను కొట్టాడు. లక్షల డాలర్ల కంపెనీ అధ్యక్షుడు, దెబ్బలు తిన్నది ఒక సోడా దగ్గర. రెండు గ్లాసుల పద్ధతి కోటు వేసుకున్నవాడికి మినహాయింపు ఇవ్వదు.

1933లో ఇంకో సంగతి జరిగింది. థామస్ హోకట్ అనే విద్యార్థి తెల్లవాళ్ళకే పరిమితమైన ఉత్తర కరొలైనా విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదవడానికి దరఖాస్తు పెట్టాడు. కాదన్నారు. డర్హం నల్ల లాయర్లు కాన్రాడ్ పియర్సన్, సిసిల్ మెక్కాయ్ కేసు వేశారు. దక్షిణాదిలో ఉన్నత విద్యలో వేర్పాటును ఎదిరించిన తొలి కేసుల్లో అదొకటి. హోకట్ చదివింది షెపర్డ్ కాలేజీలో. దరఖాస్తుకు కావలసిన మార్కుల పత్రం ఇవ్వనని షెపర్డ్ చెప్పేశాడు. కేసు పోవడానికి అదొక కారణమైంది. షెపర్డ్ చెడ్డవాడా? ఆయన కాలేజీకి ఏటా గ్రాంటు రావాలి. గ్రాంటు ఇచ్చేది తెల్ల శాసనసభ. ఒక కుర్రవాడి సీటు కోసం వందలమంది చదువు పోగొట్టుకోవాలా అని ఆయన లెక్క వేసుకుని ఉంటాడు. లెక్క తప్పని అనలేం. కానీ సంస్థను కాపాడుకోవడమే ధ్యేయమైనప్పుడు, ఆ సంస్థ ఎవరి కోసం పుట్టిందో వాళ్ళకే అది తలుపు వేస్తుంది.

అలాగని పెద్దలందరినీ ఒక గాటన కట్టలేం. 1935లో స్పాల్డింగ్ అధ్యక్షుడుగా డర్హం కమిటీ ఆన్ నీగ్రో అఫైర్స్ ఏర్పడింది. వాళ్ళు నల్లవాళ్ళను ఓటర్లుగా చేర్పించారు, ఒకే మాట మీద ఓటు వేయించారు. 1953లో ఆ కమిటీ బలంతో రెన్చర్ హారిస్ నగర కౌన్సిలులో కూర్చున్న మొదటి నల్లవాడయ్యాడు. 'కరొలైనా టైమ్స్' సంపాదకుడు లూయిస్ ఆస్టిన్ 1927 నుంచి తెల్లవాళ్ళనూ, మెత్తబడ్డ నల్ల పెద్దలనూ ఒకే కలంతో ఉతికాడు. పత్రిక మన చేతిలో ఉండడమంటే ఏమిటో ఆస్టిన్ను చూస్తే తెలుస్తుంది.

1957 జూన్ 23న డగ్లస్ మూర్ అనే యువ పాస్టరు, ఆరుగురు కుర్రాళ్ళు, అమ్మాయిలతో కలిసి రాయల్ ఐస్‌క్రీం పార్లరులో తెల్లవాళ్ళ వైపు కూర్చున్నాడు. ఆ షాపు ఉన్నది నల్లవాళ్ళ పేటలోనే. అరెస్టు చేశారు, జరిమానా వేశారు. కమిటీ పెద్దల్లో చాలామందికి ఈ దూకుడు నచ్చలేదు. దేశమంతా తెలిసిన గ్రీన్స్‌బరో సిట్-ఇన్ 1960 ఫిబ్రవరి 1న జరిగింది. దానికి రెండున్నరేళ్ళ ముందే డర్హం కుర్రాళ్ళు కూర్చున్నారు. గ్రీన్స్‌బరో తర్వాత వారానికే, ఫిబ్రవరి 8న, డర్హం విద్యార్థులు మళ్ళీ దిగారు. ఎక్కువమంది షెపర్డ్ పెట్టిన కాలేజీ విద్యార్థులే. ఫిబ్రవరి 16న మార్టిన్ లూథర్ కింగ్ వచ్చి జైళ్ళు నింపడానికి భయపడొద్దని చెప్పింది వైట్ రాక్ చర్చిలో. ఇక్కడ ఆగి ఆలోచించాలి. తిరగబడ్డ పిల్లలు చదువుకున్నది పెద్దలు కట్టిన కాలేజీలో. సభ జరిగింది పెద్దల చర్చిలో. వాళ్ళ తరఫున కోర్టుకెక్కింది ఆ పేటలో పెరిగిన లాయర్లు. పెద్దలు వద్దన్న పోరాటానికి కూడా పెద్దలు కట్టిన గోడలే నీడనిచ్చాయి.

హేటైను కూల్చినప్పుడు

ఇక అన్నిటికంటే చేదు సంగతి. 1958లో డర్హంలో పట్టణ పునరాభివృద్ధి కమిషను ఏర్పడింది. పాత ఇళ్ళు తీసేసి కొత్తవి కడతాం, ఫ్రీవే వేస్తాం, దుకాణాలకు మంచి భవనాలిస్తాం అన్నారు. 1962లో దీనికి కావలసిన బాండ్ల మీద ఓటింగు పెట్టారు. నల్ల పేటల ఓట్లు అనుకూలంగా పడ్డాయి. గెలుపుకు ఆ ఓట్లే ఆధారం. కమిటీ నాయకుడూ, బ్యాంకు అధ్యక్షుడూ అయిన జాన్ వీలర్ లాంటివాళ్ళు ఈ పథకాన్ని సమర్థించారు. వీలర్ అమ్ముడుపోయిన మనిషి కాదు. వేర్పాటు మీద కోర్టుల్లో పోరాడినవాడు. పేటలో మట్టిరోడ్లు, కారే ఇళ్ళు ఉన్నమాట నిజం. ప్రభుత్వం ఇచ్చిన మాట నిలబెట్టుకుంటుందని నమ్మాడు.

మాట నిలబడలేదు. దాదాపు 4,000 కుటుంబాలు, 500 దుకాణాలు, వ్యాపారాలు లేచిపోయాయి. ఫ్రీవే హేటై గుండెలోంచి పోయింది. వైట్ రాక్ చర్చి పాత కట్టడం కూడా నేలమట్టమైంది. కొత్త దుకాణాలు వస్తాయని చెప్పి వ్యాపారులను రేకుల షెడ్లలోకి తోశారు. జనం దానికి 'టిన్ సిటీ' అని పేరు పెట్టుకున్నారు. ప్రాజెక్టు కోసం లేచిపోయి, పునరావాస కాలనీల్లో ఏళ్ళకేళ్ళు ఎదురుచూస్తున్న మన ఊళ్ళ జనానికి ఈ కథ తెలిసిందే. సెయింట్ జోసెఫ్ చర్చి కట్టడం మాత్రం మిగిలింది. ఇప్పుడు అది హేటై హెరిటేజ్ సెంటర్.

ఆ రోజుల్లోనే, 1966లో, బీమా కంపెనీ పన్నెండంతస్తుల కొత్త భవనం కట్టింది. కట్టిన జాగా ఒకప్పుడు బెంజమిన్ డ్యూక్ మేడ ఉన్న స్థలం. డ్యూకుల గడ్డం గీసినవాడు పెట్టిన కంపెనీ డ్యూకు మేడ ఉన్నచోట నిలబడింది. గర్వపడాల్సిన సంగతే. అయితే ఆ భవనం లేచే కాలంలోనే, దానికి వారం వారం సెంట్లు కట్టిన జనం ఇళ్ళు బుల్డోజర్ల కింద పడుతున్నాయి. ఈ రెండు దృశ్యాలనూ ఒకేసారి చూడగలిగితేనే డర్హం అర్థమవుతుంది.

పేటలోంచి లేచిన గొంతులు

పెద్దలు వదిలేసిన చోట ఆడవాళ్ళు అందుకున్నారు. 1965లో మెక్‌డూగల్డ్ టెర్రస్ అనే ప్రభుత్వ ఇళ్ళ సముదాయంలో జాయిస్ థార్ప్ అనే ఆమె అద్దెదారుల సంఘానికి అధ్యక్షురాలిగా ఎన్నికైంది. మర్నాడే ఇల్లు ఖాళీ చెయ్యమని నోటీసు. కారణం చెప్పలేదు. ఆమె కోర్టుకెళ్ళింది. కేసు అమెరికా సుప్రీం కోర్టుదాకా పోయింది. ప్రభుత్వ ఇంట్లోంచి అద్దెదారును వెళ్ళగొట్టాలంటే ముందు కారణం చెప్పి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాల్సిందేనని 1969లో తీర్పొచ్చింది. ఒక వాడలో ఒక ఆడమనిషి కదలకుండా కూర్చోవడం వల్ల దేశమంతటా ప్రభుత్వ ఇళ్ళలో ఉన్నవాళ్ళకు రక్షణ దొరికింది.

ఆన్ ఆట్‌వాటర్ ఇంకొకామె. పల్లెనుంచి 1953లో డర్హం వచ్చింది. ఇళ్ళల్లో పనిచేసి ఇద్దరు పిల్లల్ని సాకింది. అద్దె బాకీ పడి, గోడలు బీటలిచ్చిన ఇంట్లో ఉంటున్నప్పుడు హోవర్డ్ ఫుల్లర్ అనే సంఘ కార్యకర్త తలుపు తట్టాడు. ఆపరేషన్ బ్రేక్‌త్రూ అనే పేదల కార్యక్రమం తరఫున 1965లో వచ్చినవాడు. ఇంటి యజమానితో తానే మాట్లాడి మరమ్మతు చేయించుకోవచ్చని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఆమె అద్దె చట్టాలు కంఠతా పట్టి వాడవాడలా తిరిగింది, ఆఫీసర్లను నిలదీసింది. 1968 జూలై నుంచి 1969 ఫిబ్రవరిదాకా నల్లవాళ్ళు తెల్ల వ్యాపారుల దుకాణాలను బహిష్కరించారు. ఆ బహిష్కరణలో పేదలూ, పెద్దలూ, విద్యార్థులూ ఒక్కటయ్యారు. అజెండా రాసింది మాత్రం పేదలే. మంచి ఇళ్ళు, ఉద్యోగాలు, పథకాల బోర్డుల్లో తమకు స్థానం.

1971 జూలైలో బడుల్లో వేర్పాటు తొలగించే విషయంలో పది రోజుల బహిరంగ చర్చ జరిగింది. దాన్ని నడిపిన ఇద్దరిలో ఒకరు ఆట్‌వాటర్, ఇంకొకరు క్లాన్ నాయకుడు సి.పి. ఎల్లిస్. పెట్రోలు బంకు నడుపుకునే పేద తెల్లవాడు. పది రోజులు పక్కపక్కన కూర్చున్నాక, తన పిల్లల బడీ ఆమె పిల్లల బడీ ఒకేలా పాడుబడ్డాయని ఎల్లిస్‌కు తెలిసింది. చివరి రోజున అందరి ముందూ క్లాన్ కార్డు చించేశాడు. తర్వాత కార్మిక సంఘంలో నల్ల కార్మికుల తరఫునా పనిచేశాడు. ఈ కథ మీద 2019లో సినిమా వచ్చింది. ద్వేషించేవాడి మనసు మార్చాల్సిన బాధ్యత బాధితులదే అన్నట్టు కొందరు ఈ కథను చెబుతారు. మేము ఒప్పుకోం. ఆట్‌వాటర్ ఆ కుర్చీలో కూర్చోవడానికి వెనక ఆరేళ్ళ సంఘనిర్మాణం ఉంది. ఆమె వెనక జనం లేకుంటే ఎల్లిస్ ఆమె పక్కన కూర్చునేవాడే కాదు.

మిగిలిందేమిటి?

1989లో డర్హంకు చెస్టర్ జెంకిన్స్ మేయరుగా ఎన్నికయ్యాడు, ఓటుతో గెలిచిన మొదటి నల్ల మేయరు. 2001 నుంచి 2017దాకా బిల్ బెల్ మేయరు. లింకన్ ఆస్పత్రి 1976లో మూతపడింది. దాని పేరుతో మొదలైన పేదల వైద్యకేంద్రం నిలిచింది. వేర్పాటు పోయాక తెల్ల కంపెనీలు కూడా నల్లవాళ్ళకు పాలసీలు అమ్మసాగాయి. బీమా కంపెనీ బలం తగ్గుతూ వచ్చింది. 2018లో కోర్టు పర్యవేక్షణ కిందికి పోయింది, 2022లో దివాలా తీసి రద్దయింది. 120 ఏళ్ళు నిలిచిన సంస్థ అది. 1987లో మూతపడ్డ అమెరికన్ టొబాకో ఫ్యాక్టరీ ఇప్పుడు ఆఫీసులు, హోటళ్ళతో వెలిగిపోతోంది.

ఈ చరిత్ర చదివి 'చూశారా, సంస్థలతో ఏమీ కాదు' అనడం తప్పు. ఆ కాలేజీ లేకపోతే 1960 విద్యార్థులు లేరు. ఆ చర్చి లేకపోతే కింగ్ సభ లేదు. 'కరొలైనా టైమ్స్' లేకపోతే ఆ ముప్ఫై ఏళ్ళ నిజం అచ్చయ్యేదే కాదు. 'చూశారా, సంస్థలుంటే చాలు' అనడమూ తప్పే. కాలేజీ ఉండీ హోకట్‌కు మార్కుల పత్రం అందలేదు. బ్యాంకూ కమిటీ ఉండీ హేటై కూలింది. తేడా వచ్చింది రెండు దగ్గర. ఒకటి, సంస్థ ఎవరి డబ్బు మీద ఆధారపడింది? గ్రాంటు మీద బతికిన కాలేజీ వంగింది. జనం కొని చదివిన పత్రిక వంగలేదు. రెండోది ఇంకా ముఖ్యం, నిర్ణయం తీసుకునే బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారు? బీమా డబ్బు జనానిదే, కానీ బోర్డులో వారం వారం సెంట్లు కట్టిన పొగాకు కూలీకి కుర్చీ లేదు. ఫ్రీవే గీత గీసేటప్పుడు ఆమెను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే తన ఇల్లు ఎక్కడుందో ఆమె చెప్పేది. పెద్దలు మంచివాళ్ళయినా ఇది జరిగింది. కాబట్టి పెద్దల మంచితనం మీద వదిలేసే విషయం కాదిది.

మనకూ ఇలాంటి వారసత్వం లేకపోలేదు. భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదులో 1906 నుంచే సంఘాలు పెట్టి, మన పిల్లలకు బడులు నడిపాడు. బాబాసాహెబ్ 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, మరుసటి ఏడాది బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచాడు. మన ఊళ్ళల్లో చర్చిలు, హాస్టళ్ళు, ఉద్యోగుల సంఘాలు, పొదుపు సంఘాలు, అంబేద్కర్ భవనాలు ఉన్నాయి. వీటి ప్రారంభోత్సవ ఫలకాల మీద మంత్రుల పేర్లు దొరుకుతాయి. చందా ఇచ్చినవాళ్ళ పేర్లు దొరకవు.

విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, కార్యకర్తలకు మేము చెప్పేది ఒకటే. మీ ఊళ్ళో మనవాళ్ళు కట్టిన ఒక సంస్థను తీసుకోండి. దాని పాత చందా పుస్తకం ఎక్కడుందో వెతకండి. ఎవరెంత ఇచ్చారో రాయండి. తర్వాత ఇప్పటి కమిటీ పేర్లు పక్కన రాయండి. ఆ రెండు జాబితాల్లో కలిసే పేర్లెన్ని? ఆ జాబితాల్లో ఆడవాళ్ళ పేర్లెన్ని? డర్హం పెద్దలు నూరేళ్ళలో వేసుకోని ప్రశ్న ఇది. మనం సంస్థలు కట్టేటప్పుడే వేసుకుంటే బాగుంటుంది.